నవ్వితేనే తెరుచుకునే ఖాతా

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది కానీ, వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. అందరూ ‘నవ్వకండి మాస్టారు’ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం లేనివాళ్ళు ఉత్త మాస్టారు అని సరిపెట్టుకునేవారు. చెప్పుల దుకాణానికీ జిరాక్స్ షాపుకీ మధ్యనున్న ఇరుకు మెట్లెక్కితే ఆయన ఫోటో స్టూడియో. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక్కటే గది. గోడకి తెల్లగుడ్డ, దాని ముందు గుండ్రటి స్టూలు, అటూ ఇటూ రెండు గొడుగు లైట్లు, మేకుకి వేలాడుతూ ఒక నల్లకోటు. ఆ కోటు ఊరుమ్మడి సొత్తు. నిక్కరు మీద వచ్చినవాడైనా సరే, అది తొడిగితే నడుము పైదాకా ఆఫీసరే.

పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ మాస్టారు తియ్యడు. ఆయన పనల్లా కార్డులకీ దరఖాస్తులకీ పాస్‌పోర్టులకీ అంటించే చిన్న ఫోటోలు. చెవులు రెండూ కనబడాలి, మొహం మీద నీడ పడకూడదు, తల వంగకూడదు, పళ్ళు బయటికి రాకూడదు. ఇవీ రూల్సు. ముప్ఫై ఏళ్ళుగా ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఆయన చెప్పే మొదటి మాటా చివరి మాటా ఒకటే, “నవ్వకండి.” కొత్తగా ఉద్యోగం వచ్చినవాడు ఆనందం పట్టలేక పళ్ళికిలిస్తే “నవ్వకండి.” కొత్తజంట ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కిసుక్కుమంటే “నవ్వకండి, ఇంటికెళ్ళి నవ్వుకోండి.” పాలపళ్ళ పాపాయి బోసిగా ఇకిలిస్తే, “అమ్మా, కాస్త పాపకి నచ్చజెప్పండి, ఇలా అయితే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు.” ఆ ఊళ్ళో ఎవరి పర్సు తెరిచినా అప్పుడే చావుకబురు విన్నట్టున్న మొహం ఒకటి కనబడుతుందంటే, ఆ పుణ్యమంతా మాస్టారిదే.

అందరి మొహాల మీదా నవ్వు తుడిచీ తుడిచీ, చివరికి ఆయన మొహమే పాస్‌పోర్టు ఫోటో అయి కూర్చుంది. అలాగని ఆయన్ని కోపిష్ఠి అనుకునేరు, పాపం, మనసు వెన్న. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళకి అడక్కుండానే రెండు కాపీలు ఎక్కువ వేసి ఇచ్చేవాడు. కాకపోతే ఆ ఇచ్చేటప్పుడు కూడా మొహం మాత్రం ఇల్లు జప్తు చెయ్యడానికి వచ్చినవాడిలా ఉండేది.

గంతకు తగ్గ బొంత అంటారు గానీ, ఆ ఇంట్లో ఆ సామెత పారలేదు. మాస్టారి భార్యకి నవ్వడానికి కారణం అక్కర్లేదు. కవరుకి జిగురు ఎక్కువైనా నవ్వే, కరెంటు పోయినా నవ్వే. పైన ఆవిడ నవ్వితే కింద చెప్పుల దుకాణంలో బేరం ఆగేది. ఫోటోలు చదరంగా కత్తిరించి కవర్లో పెట్టడం, డబ్బులు తీసుకోవడం ఆవిడ పని. అది కాక రోజూ పొద్దున్నే షాపు తెరవగానే లైట్లు సరిచూసుకోవడానికి మాస్టారు ముందుగా కూర్చోబెట్టేది ఆవిడనే. “కూర్చో. గడ్డం పైకి. నవ్వకు.” క్లిక్. కుడివైపు లైటు కొంచెం వెనక్కి. మళ్ళీ క్లిక్. “సరే, లే.” అంతటితో ఆ ఫోటోల పని అయిపోయేది.

అలాంటి మనిషికి కుడి మోకాలు అరిగిపోయింది. ఆ ఇరుకు మెట్లు ఎక్కడానికి ఆవిడ పట్టే సమయంలో వచ్చిన గిరాకీ విసుగెత్తి వెళ్ళిపోయేది. “నా మోకాలు నాకంటే ముందే రిటైరైందండీ” అని దాని మీద కూడా జోకులే. కానీ ఆ మధ్య ఒకరోజు మెట్ల మధ్యలో కూలబడి, నవ్వకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చోవడం మాస్టారు పైనుంచి చూశాడు. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళి కొత్త మోకాలికి పేరు రాయించాడు. నెలల తరబడి ఎదురుచూస్తే ఇప్పటికి వంతు వచ్చింది. సోమవారం ఆపరేషన్. శనివారం సాయంత్రంలోగా అడ్వాన్సు ఆన్‌లైన్‌లో కట్టాలి, లేకపోతే మంచం వరసలో వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తాం, మళ్ళీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు.

డబ్బుకి లోటు లేదు. అదీ అసలు బాధ. మాస్టారికి ఒకే బ్యాంకులో రెండు ఖాతాలు. రోజువారీ ఖర్చులకి ఒకటి, మోకాలి కోసం దాచింది ఒకటి. ఆస్పత్రివాళ్ళు పేరు నమోదుకని రోజువారీ ఖాతాలోంచి కొంత లాగారు. అందులో నలభై రూపాయలు తక్కువైంది. నలభయ్యే! తక్కువైతే లేదని చెప్పెయ్యొచ్చు కదా బ్యాంకు? చెప్పదు. అడక్కుండానే తన జేబులోంచి వేసి, దానికి ఓవర్‌డ్రాఫ్ట్ అని ముద్దుపేరు పెట్టి, అంత మేలు చేసినందుకు నాలుగు వందల రుసుము కోసింది. ఖాతాలో లేనిదే డబ్బు, మరి రుసుము ఎక్కడ్నించి కోస్తుంది? దానిక్కూడా తనే అప్పిచ్చింది. ఆ అప్పుకి మర్నాడు ఇంకో నాలుగు వందలు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా మాస్టారు ఉలిక్కిపడేవాడు.

“నలభైకి ఎనిమిదొందలా! దారికాచి దోచుకునేవాడైనా కనీసం చీకటి పడేదాకా ఆగుతాడే!” అన్నాడు.

“ఆ రెండో దాంట్లోంచి ఇందులోకి కాస్త మార్చెయ్యండి, పీడా పోతుంది. ఆస్పత్రిదీ ఇప్పుడే కట్టేస్తే సరి” అంది భార్య.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీశాడు. ఇదివరకు పాస్‌వర్డ్ కొడితే తెరుచుకునేది. అది కూడా నెలకోసారి మార్చమని ప్రాణాలు తోడేవాళ్ళు. ఒక అంకె, ఒక పెద్దక్షరం, ఏ భాషలోనూ లేని గుర్తు ఒకటి ఉండాలనేవాళ్ళు. చచ్చీ చెడీ దానికి అలవాటు పడ్డాడు. ఈ రోజు తెరిస్తే పాస్‌వర్డ్ కొట్టే చోటే లేదు. దాని బదులు ఒక గుండ్రటి అద్దంలాంటిది వచ్చింది. ‘మీ భద్రతే మా ధ్యేయం. ఇకపై మీ మొహమే మీ తాళంచెవి’ అని రాసుంది.

మొహం అనగానే మాస్టారికి ధైర్యం వచ్చింది. ఇది తన రాజ్యం కదా! లేచి వెళ్ళి తెల్లగుడ్డ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. లైట్లు వేశాడు. గడ్డం ఎత్తాడు. చెవులు రెండూ కనబడేలా జుట్టు సర్దుకున్నాడు. అలాంటి ఫోటోని ఏ దేశం సరిహద్దులోనైనా సెల్యూట్ కొట్టి లోపలికి పంపాల్సిందే.

‘మీరు బతికున్న మనిషేనని నిర్ధారించుకోవాలి. దయచేసి చిరునవ్వు నవ్వండి’ అంది ఫోన్.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. “ఏమే, ఇలా రా. ఇదేం రాశాడో చూడు.”

ఆవిడ చదివింది. అంతే, స్టూడియో దద్దరిల్లింది. బల్ల పట్టుకుని, మోకాలు పట్టుకుని, చివరికి కడుపు పట్టుకుని నవ్వింది. “అయ్యో రామ! చూసి చూసి మిమ్మల్నా అడిగింది!”

“నవ్విన మొహం ఎక్కడా చెల్లదే! ముప్ఫై ఏళ్ళనుంచి చూస్తున్నా. ఏ ఆఫీసూ తీసుకోదు. వీళ్ళకి బ్యాంకు పెట్టుకోమని లైసెన్సు ఎవరిచ్చారసలు?”

“వాళ్ళ మీద తర్వాత అరుద్దురు గానీ, ముందు ఒక్కసారి నవ్వండి.”

నవ్వాడు. అంటే, నవ్వాననుకున్నాడు. ఫోటోలు తీసేవాడు కాబట్టి నవ్వులో ఏ భాగం ఎక్కడికి కదలాలో తెలుసు. పెదాల చివరలు పైకి, బుగ్గలు కొంచెం ఉబ్బాలి, కళ్ళు కాస్త చిన్నవవ్వాలి. ఒక్కొక్కటీ వరసగా కదిపాడు. మూడోది కదిపేసరికి మొదటిది జారిపోయింది. పంటినొప్పి ఉన్నవాణ్ణి పాము కరిచినట్టు వచ్చింది ఆ మొహం. ‘దయచేసి చిరునవ్వు నవ్వండి’ అని ఫోన్ మళ్ళీ అడిగింది.

సరే, బ్యాంకుకి ఫోన్ చేశాడు. మీ కాల్ మాకు ఎంతో విలువైనది అని ఒక గొంతు చెప్పి, ఆ విలువైనదాన్ని సంగీతంలో వదిలేసి పోయింది. చాలాసేపటికి మనిషి గొంతు వచ్చింది. అదేమో, ముందు మీరు మీరేనని రుజువు కావాలి సర్, యాప్ తెరిచి అందులో వచ్చే నంబరు చెప్పండి అంది. యాప్ తెరుచుకోకే కదయ్యా చేశాను అని మాస్టారు మొత్తుకున్నాడు. అర్థమైంది సర్, మీకు ఇంకేమైనా సహాయం చెయ్యగలనా అంది గొంతు. మాస్టారు ఫోన్ పెట్టేశాడు. వెంటనే టింగుమంది. ఇంకో నాలుగు వందలు.

శుక్రవారం మధ్యాహ్నం బావమరిది దిగాడు. అక్క కబురు పెట్టింది. వాషింగ్ మెషీన్లు బాగుచేసే మనిషి. ఏ మెషీనైనా పక్కన రెండు తగిలిస్తే దారికొస్తుందనేది అతని చదువు. బావని కూడా మొదట అలాగే కిందకీ మీదకీ చూశాడు.

“బావా, ఇదెంత పని! ఒక జోకు చెప్తాను విను. ఒకడు వానలో తడుసుకుంటూ గొడుగు బాగుచేయించుకోడానికి వెళ్ళాడట. షాపువాడేమో, వాన తగ్గాక రండి అన్నాడట!”

మాస్టారు ఆలోచించాడు. “సరిగ్గానే చెప్పాడు కదరా. వానలో పనిముట్లు తడుస్తాయి.”

“అది జోకు బావా!”

“జోకైతే మాత్రం? తుప్పు పట్టదూ?”

బావమరిది అరికాళ్ళు గీకాడు. చంకల్లో వేళ్ళు పెట్టాడు. అక్కడ ఏదో నట్టు వదులైనట్టు భుజం మీద రెండు తట్టాడు కూడా. మాస్టారు ఫోన్ మొహానికి ఎదురుగా పట్టుకుని, దంతవైద్యుడి ముందు కూర్చున్నవాడిలా ఓపిగ్గా భరించాడు. పెదవి కదిలితే ఒట్టు. చివరికి బావమరిది మేకుకున్న నల్లకోటు తగిలించుకుని ఏదో వేషం వెయ్యబోయాడు. ఈలోగా మెట్లమీంచి గిరాకీ వచ్చింది. పెద్దాయన, లైసెన్సుకి ఫోటో కావాలట. ఆయన కోటులో ఉన్నవాణ్ణే మాస్టారనుకుని, తిన్నగా వెళ్ళి స్టూలు మీద కూర్చుని, జేబులోంచి దువ్వెన తీసి దువ్వుకుని, “తియ్యండి బాబూ” అన్నాడు.

బావమరిది వెనక్కి తగ్గే రకం కాదు. మొహం గంటు పెట్టుకున్నాడు. మెడ బిగించాడు. అచ్చం బావ గొంతుతో, “నవ్వకండి” అన్నాడు.

పెద్దాయన వణికిపోయి సర్దుకుని కూర్చున్నాడు. “నేను నవ్వలేదు బాబూ.”

“లోపల నవ్వుతున్నారు. అది కూడా పడుతుంది. ఆపండి.”

మూలనున్న మాస్టారికి తెలియకుండానే పెదాలు విచ్చుకున్నాయి. నిజంగానే విచ్చుకున్నాయి! పళ్ళు కూడా కనబడ్డాయి. చేతిలో ఫోన్ గలగలమంది. ‘నవ్వు అందింది. ధన్యవాదాలు.’

“అక్కా, వచ్చేసింది!” అని బావమరిది గంతేశాడు. పెద్దాయన కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

‘మీ మొహం మా దగ్గరున్న ఫోటోతో సరిపోలలేదు’ అంది ఫోన్. అవకాశాలన్నీ అయిపోయాయి, ఇక బ్రాంచికి రండి అని కూడా అంది.

మాస్టారు లేచి నిలబడ్డాడు. అంత బాధలోనూ ఆయన గొంతులో గెలుపు పలికింది. “చూశారా? నవ్వితే మనిషి మారిపోతాడు! ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటున్నది ఇదే కదా!”

శనివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ బ్రాంచికి బయల్దేరారు. నువ్వెందుకే, మోకాలితో, అంటే ఆవిడ వినలేదు. తీరా వెళ్ళి చూస్తే అక్కడ బ్యాంకే లేదు. కౌంటర్లు పీకేసి సోఫాలు వేశారు, ప్లాస్టిక్ మొక్కలు పెట్టారు. మెట్లు మాత్రం ఇదివరకటికంటే ఎత్తు చేశారు. అవి ఎక్కేసరికి ఆవిడకి ప్రాణం కళ్ళలోకొచ్చింది. లోపల చేతిలో పలకలాంటి స్క్రీన్ పట్టుకుని ఒకే ఒక్క అమ్మాయి ఉంది.

“తల్లీ, ఈ ఖాతాలోంచి ఆ ఖాతాలోకి డబ్బు మార్చాలి. రెండూ నావే” అన్నాడు మాస్టారు.

“యాప్‌లో చేసుకోవాలి సర్.”

“యాప్ తెరుచుకోవట్లేదమ్మా.”

“అలాగైతే యాప్‌లో ఫిర్యాదు పెట్టండి సర్.”

“యాప్ తెరుచుకోవట్లేదని యాప్‌లో ఎలా పెట్టనమ్మా?”

ఆ అమ్మాయి నిజంగానే ఆలోచించింది. “మంచి ప్రశ్న సర్. ఇది పైవాళ్ళకి తెలియాలి. యాప్‌లో రాయండి.”

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే. మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ పూట డబ్బు కట్టకపోతే మోకాలు పోతుందనీ, నలభై తక్కువైన పాపానికి ఇప్పటికి వేలు పోసేలా ఉన్నాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆ అమ్మాయిది రాతిగుండె కాదు. సోఫాలో కాలు చాపుకుని పళ్ళ బిగువున కూర్చున్న ఆవిడని ఒకసారి చూసింది. “ఒక్క నిమిషం ఉండండి సర్. అసలు ఏ ఫోటోతో సరిపోలట్లేదో చూద్దాం” అని స్క్రీన్ మీద ఏదో నొక్కి, వాళ్ళవైపు తిప్పింది. “ఇది మీరు పంపిన ఫోటోయేనా సర్?”

మాస్టారు ముందుకి వంగి చూశాడు. చూస్తూనే ఆయన కళ్ళు మెరిశాయి. “నాదే! మంచి ఫోటో. చూడమ్మా, చెవులు రెండూ స్పష్టంగా ఉన్నాయి. నీడ లేదు. బ్యాక్‌గ్రౌండ్ పాలల్లే ఉంది. తల ఒక్క పిసరు కూడా వంగలేదు. ఇందులో తప్పు పట్టమను, చూస్తాను!”

“తప్పు లేదు సర్. కానీ...”

“కానీ ఏమిటి కానీ? ఇంతకంటే మంచి ఫోటో మీ బ్యాంకు మొత్తంలో చూపించు.”

“ఏవండీ,” సోఫాలోంచి భార్య మెల్లిగా అంది, “అది నేను.”

సంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పోయినేడాది బ్యాంకు ఫోటో అడిగినప్పుడు మాస్టారు కంప్యూటర్లో వెతికాడు. కొలతకి సరిపోయేది, నీడ లేనిది ఒకటి దొరికింది. పొద్దున్నే లైటు సరిచూసుకోవడానికి తీసేవాటిలోది. తనదేననుకుని పంపేశాడు. నీడ చూశాడు, చెవులు చూశాడు, గడ్డం చూశాడు. మొహం చూడలేదు. బ్యాంకు మెషీన్ కూడా అవే చూసి, భేష్ అని పుచ్చుకుంది. దొందూ దొందే.

“ఇప్పుడు దాన్ని మార్చమ్మా” అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

“మార్చొచ్చు సర్. కానీ వారం పడుతుంది. ఆ అర్జీ కూడా...”

“యాప్ తెరిచే పెట్టాలా?”

“అవును సర్.” ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. స్క్రీన్ మీద ఏదో నొక్కింది. “మళ్ళీ మూడు ఛాన్సులు ఇచ్చాను. నేను వెళ్ళి నీళ్ళు తాగొస్తాను. నేను లేనప్పుడు ఎవరు ఫోన్ చూస్తారో, ఎవరు నవ్వుతారో నాకెలా తెలుస్తుంది సర్? ఒంటిగంటకి మూసేస్తాం.” అని మొక్కల వెనక్కి వెళ్ళిపోయింది.

మాస్టారు ఫోన్ భార్య మొహానికి ఎదురుగా పెట్టాడు. ఇంకేం, గండం గట్టెక్కినట్టే! కరెంటు పోయినా నవ్వే మనిషి.

ఆవిడ నవ్వలేదు.

‘దయచేసి చిరునవ్వు నవ్వండి’ అంది ఫోన్.

“నవ్వవే.”

“నేను నవ్వను.”

“అదేమిటే! టైమైపోతోంది.”

“ముప్ఫై ఏళ్ళు, రోజూ పొద్దున్నే మీ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. రోజూ! ఒక్కనాడు కూడా నన్ను చూడలేదన్నమాట. లైటు చూశారు. చెవులు చూశారు. ఇప్పుడు కూడా ఏమన్నారు, బ్యాక్‌గ్రౌండ్ పాలల్లే ఉందా? ఆ ముందర మనిషి ఎవరో తెలియలేదు గానీ!” ఆవిడ ఫోన్‌ని చేత్తో పక్కకి నెట్టింది. “నాకు మోకాలు సలపరిస్తోంది. నాకు ఏడుపొస్తోంది. మీ బ్యాంకు కోసం నేను నవ్వను, పొండి.”

మొదటి అవకాశం అయిపోయింది. ఇక నవ్వించడం మాస్టారి వంతైంది. జీవితంలో ఎవర్నీ నవ్వించిన పాపాన పోలేదు. “ఒకడు గొడుగు... కాదు, వాన... వాన తగ్గాక ఒకడు గొడుగు బాగుచేయించుకుని వెళ్తుంటే...” అని మొదలుపెట్టి, దారి తప్పి ఆగిపోయాడు. ఆవిడ గోడవైపు మొహం తిప్పుకుంది. రెండో అవకాశమూ పోయింది.

మాస్టారు ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడ్డాడు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

“నాకు భయంగా ఉందే” అన్నాడు. “నిన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపేసుకుంటారు. నేను బయట ఏం చెయ్యాలి? ఆ రోజు మెట్ల మీద నువ్వలా కూర్చుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నీకు చెప్పలేదు. చెప్పడం నాకు రాదు. నువ్వన్నది నిజమే, నేను సరిగ్గా చూడలేదు.” తలెత్తి ఆవిడ వైపు చూశాడు. లైట్లు లేవు, తెల్లగుడ్డ లేదు. ఒక పక్క కిటికీ వెలుగు, ఇంకో పక్కంతా నీడ. ఆయన రూల్సు ప్రకారం పనికిరాని మొహం. అలా చూస్తూ చూస్తూ కనుబొమలు ముడిచాడు. “అవునూ, నీ గడ్డం కింద ఆ పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది?”

ఆవిడ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది.

“పుట్టినప్పుడు” అంది.

అంతే. ఆవిడకి ఎక్కడ్నించి తన్నుకొచ్చిందో, ప్లాస్టిక్ మొక్కలు కూడా కదిలేలా నవ్వు! “పుట్టుమచ్చ... ఎప్పుడొచ్చిందట!” అని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఆయన నెత్తిన ఒకటి మొట్టి మళ్ళీ నవ్వింది. మాస్టారికి తను ఏమన్నాడో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఫోన్ మాత్రం వెంటనే గ్రహించింది. గలగలమని తెరుచుకుంది. తెరుచుకుంటూనే ముందు తన రుసుములన్నీ లెక్కగట్టి కోసేసుకుంది, అది వేరే సంగతి. మిగిలినదాంట్లోంచి ఆస్పత్రికి అడ్వాన్సు వెళ్ళిపోయింది. మొక్కల వెనకనుంచి నీళ్ళు తాగడానికి వెళ్ళిన అమ్మాయి ముక్కు చీదుకోవడం వినబడింది.

ఫోటో మార్చమని అర్జీ పెట్టారు. వారం పడుతుందన్నారు కదా, బ్యాంకు వారమంటే మీకూ నాకూ తెలియనిదేముంది. రుసుములు తిరిగివ్వమని మాస్టారు నాలుగు ఘాటు ముక్కలు రాస్తే, మీ ఆవేదన అర్థమైంది అని జవాబొచ్చింది. పైసా రాలేదు.

సోమవారం ఆపరేషన్ బాగానే జరిగింది. తలుపు బయట మాస్టారు ఏం చెయ్యాలో తెలియక, బెంచీ మీద ఎదురుగా కూర్చున్నవాళ్ళ చెవులు లెక్కపెడుతూ గడిపాడు. మధ్యాహ్నానికి ఆవిడని గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. కాలికి ఈ లావు కట్టు. మొహం పాలిపోయి, జుట్టు రేగి, కళ్ళు సగం మూసుకుని ఉంది. బావమరిది మంచాన్ని ఎత్తీ దించే మరను ఏదో తట్టి చూడబోతే నర్సు కసిరి బయటికి పంపింది.

కాసేపటికి బిల్లు చూసే మనిషి తలుపు దగ్గరికి వచ్చాడు. “మిగతా డబ్బు కట్టెయ్యండి సర్. మందులు కిందనుంచి రావాలంటే ఇప్పుడే కట్టాలి.”

మాస్టారు ఫోన్ తీశాడు. గుండ్రటి అద్దం వచ్చింది. ‘దయచేసి చిరునవ్వు నవ్వండి.’ మోకాలు కోయించుకుని పట్టుమని పూట కాలేదు, ఆ మనిషినా నవ్వమనేది! బ్యాంకువాళ్ళని ఏడు తరాలు వెనక్కి తిట్టుకుని, మంచం మీదకి వంగాడు.

“ఏమే, వినబడుతోందా?”

ఆవిడ కళ్ళు తెరిచింది. ఆయన్ని చూసింది, ఫోన్ చూసింది. విషయం తెలిసిపోయింది. పొడిబారిన పెదాలతో, “ఎంతట?” అంది.

“చెప్పనులే. నొప్పి ఎక్కువవుతుంది.”

“చెప్పండి, పరవాలేదు.”

చెవిలో చెప్పాడు.

“అంతా!” అంది ఆవిడ. “మార్చింది మోకాలొక్కటేనా, మొత్తం మనిషినా? ఒకసారి దుప్పటి తీసి సరిగ్గా చూడండి, మీకు మొహాలు గుర్తుండవు కదా!”

అని తన మాటకి తనే నవ్వింది. మునుపటంత పెద్ద నవ్వు కాదు. చిన్నది, మత్తు మత్తుగా, ఒక పక్క పెదవి ముందు లేచి రెండోది తర్వాత చేరుకున్న నవ్వు. నవ్వేటప్పుడు ఆవిడ ఎడమ కన్ను కుడి కన్నుకంటే ముందే మూసుకుంటుందని మాస్టారు మొదటిసారి గమనించాడు. బుగ్గ మీద దిండు ముడత ముద్ర పడి ఉంది. మెడ కింద సగం నీడ. అలా చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ ఎప్పుడో గలగలమని తెరుచుకుంది. ఎంత కట్టాలని అడిగింది, కాసేపు ఆగింది, మళ్ళీ అడిగింది, విసుగొచ్చి మూసుకుపోయింది.

“అయిందాండీ?” అంది ఆవిడ.

“లేదే. టైమైపోయిందట. మళ్ళీ నవ్వాలట.”

తలుపు దగ్గర బిల్లు మనిషి చేతి గడియారం చూసుకున్నాడు. మాస్టారు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, ఫోన్ తుడిచి ఆవిడ ఎదురుగా పట్టుకున్నాడు. ఈసారి మాత్రం బ్యాంకుని ఒక్క మాట కూడా అనలేదు.